ద్వీపములో ఒక శుక్రవారము



డిసెంబరు నెల వచ్చినదనగానే మన నిజామాబాదు ప్రాంతపు సంఘములలో ఒక ప్రశ్న మొదలగును: ఈ యేడు మెదకుకు ఎవరెవరు పోవుచున్నారు? మా ఏర్గట్లలోను అంతే. పసుపు చేలకు నీళ్ళు కట్టి, ఇంటికి ఒకరిని కాపలా ఉంచి, సద్ది మూట కట్టుకొని, ఆర్మూరులో ఒక బస్సు, కామారెడ్డిలో ఒక బస్సు మారి, క్రిస్మసు తెల్లవారుజామున ఆ గొప్ప గుడి యెదుట నిలుచుటకు మనవారు బయలుదేరుదురు. మోకాళ్ళ నొప్పి అనువారు కూడ ఆ దినమున నడుతురు.

మా సంఘములో ఒక తల్లి యున్నది. కోడలుగా ఈ ఊరికి వచ్చిన నాటినుండి ఆమె మెదకు యాత్ర తప్పినది లేదు. అయితే గత క్రిస్మసుకు పేర్లు వ్రాయుచుండగా ఆమె ముందుకు రాలేదు. నేను బడిపంతులుగా ఉద్యోగము చేసి విరమించినవాడను. ఆమె కుమారునికి అక్షరములు నేర్పినది నేనే. అందుచేత చొరవ తీసికొని, "ఏందమ్మా, ఈసారి మీ పేరు రాయనే లేదు?" అని అడిగితిని.

"నేను రాను సారూ" అని ఆమె చెప్పెను.

కారణము నాకు తెలియనిది కాదు. మార్చి నెలలో, పసుపు కొమ్ములు ఉడకబెట్టు దినములలో, ఆమె భర్త చనిపోయెను. ఒక్కడే కుమారుడు బహ్రెయిన్ దేశములో కూలి చేయుచున్నాడు. సెలవు దొరికి, కాగితములు చేతికి వచ్చునప్పటికి మూడు దినములు గడిచిపోయెను. ఎండకాలపు శవమును ఎంతసేపు ఉంచగలము? సంఘమంతయు కూడి పాతిపెట్టితిమి. "వాని చేతి మన్ను వాని నాయన మీద పడలే సారూ. నేను మెదకుకు పోయి ఏమని మొక్కాలె?" అని ఆమె అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పితిని. ఇట్టి జవాబులు మన నాలుక చివర సిద్ధముగా ఉండును గదా. "దేవుడు అంతట ఉన్నడు గదమ్మా. ఆడ మీ కొడుకు చేసిన ప్రార్థన, ఈడ మీరు చేసిన ప్రార్థన ఒక్క తాననే చేరుతయి" అంటిని.

ఆమె నా ముఖము చూచి, "అంతట ఉన్నోడు మంచిగనే ఉన్నడు సారూ. నా కొడుకు అంతట లేడు గద" అనెను.

ముప్పది ఏండ్లు పిల్లలకు పాఠములు చెప్పి, ఆదివారములలో వాక్యము వివరించిన నాకు ఆ మాటకు జవాబు దొరకలేదు. నేను చెప్పినది అబద్ధము కాదు. అయినను అది ఆకలిగొన్నవానికి అన్నము పెట్టక, లోకములో ధాన్యము సమృద్ధిగా ఉన్నదని చెప్పినట్లుండెను. ఆనాటినుండి నేను ఆలోచించినది ఈ పుటలలో మీ యెదుట పెట్టుచున్నాను. స్థలమునకు పరిశుద్ధత ఉన్నదా? ఉన్నయెడల, అక్కడికి పోలేనివాని గతి యేమి?

ఈ దుఃఖము ఒక్క ఇంటిది కాదు. ఒకప్పుడు మన పెద్దలు చెరకు కొట్టుటకు బోధను వైపు పోయిరి. నిజాము కాలమున కట్టబడిన ఆ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడెను. పనికై బొంబాయికి పోయినవారు కొందరు. 1970ల తరువాత గల్ఫు దేశములకు దారి తెరువబడెను. ఏర్గట్ల, మోర్తాడు, కమ్మర్‌పల్లి, బాల్కొండ, ఆర్మూరు, ఏ ఊరిలో చూచినను గల్ఫుకు పోయిన కుమారుడో, భర్తయో లేని వీధి యుండదు. మన సంఘములలో బల్లలమీద స్త్రీలు నిండియుండి, పురుషుల వైపు ఖాళీ కనబడుటకు ఇది ఒక కారణము. గనుక ఈ ప్రశ్న మనలో అనేకులది.

ఆ తల్లి మాట నన్ను విడువనందున ఆమె కుమారునికి ఫోను చేసి, నీ తల్లి ఇట్లనుచున్నదని చెప్పితిని. అతడు అప్పుడేమియు మాటలాడలేదు. రెండు దినములైన తరువాత తన మాటలు రికార్డు చేసి పంపెను. నవంబరులో ఒక శుక్రవారము అతడును, ఆరాధనకు కూడివచ్చు తెలుగు సహోదరులు కొందరును తలా కొంత వేసికొని ఒక వ్యాను మాట్లాడుకొని, ఆ ద్వీపములోని పరిశుద్ధ స్థలములను చూచివచ్చిరట. అక్కడ శుక్రవారము సెలవు దినము గనుక సంఘములు ఆ దినముననే కూడుకొనును. అతడు చెప్పినదానిని క్రమములో పెట్టి, చరిత్రలో నేను ఎరిగినవి చేర్చి వ్రాయుచున్నాను.

బహ్రెయిన్ అనగా రెండు సముద్రములు అని అర్థము. అది అరబ్బు దేశములకు తూర్పున సముద్రములోనున్న ద్వీపముల సమూహము. 1892లో సామ్యూల్ జ్వేమర్ అను అమెరికా మిషనెరీ అక్కడికి వచ్చెను. అతని మిషనువారు 1903లో మనామా పట్టణములో ఒక ఆసుపత్రి తెరచిరి. అది ఇప్పటికిని నడుచుచున్నది. 1906లో స్థాపింపబడిన ఇవాంజెలికల్ సంఘము కూడ అక్కడనే యున్నది. అనేక భాషలవారు వంతులవారీగా అక్కడ ఆరాధన చేయుదురు. మన యాత్రికులు ఆ గుడిలో ప్రార్థన చేసి బయలుదేరిరి.

రెండవదిగా వారు పాత క్రైస్తవ శ్మశానమునకు పోయిరి. జ్వేమరు గారి ఇద్దరు కుమార్తెలు అక్కడ పాతిపెట్టబడియున్నారు. 1904 జూలై నెలలో, ఎండ మండిపోవుచున్నప్పుడు, రక్తవిరేచనముల జబ్బు చేసి, నాలుగేండ్ల రూతు, ఏడేండ్ల కాథరీనా ఎనిమిది దినముల లోపల ఒకరి వెంట ఒకరు చనిపోయిరి. ఆసుపత్రి కట్టించినవారి బిడ్డలే, ఆసుపత్రి ప్రక్కననే చనిపోయిరి. ఆ తండ్రి అక్కడి పని విడువలేదు.

ఆ తరువాత వారు ముహర్రక్ ద్వీపమునందలి సమాహీజ్ అను గ్రామమునకు పోయిరి. ఆ ఊరి ముస్లిముల శ్మశానములో ఒక మిట్టయు, దానిమీద పాడుపడిన పాత మసీదును ఉండెను. పండితులు అక్కడ త్రవ్వగా ఎనిమిది గదులుగల క్రైస్తవుల కట్టడము బయటపడెను. గచ్చులో చేసిన సిలువలు దొరికెను. చేప గుర్తు దొరికెను. వంట చేసికొన్న గది, భోజనము చేసిన గది ఉన్నవి. నాలుగవ శతాబ్దపు నడుమనుండి ఎనిమిదవ శతాబ్దపు నడుమవరకు అక్కడ జనులు నివసించిరని పరీక్షవలన తెలిసెను. ఈ సంగతి 2024లో లోకమునకు ప్రకటింపబడెను. అది సన్యాసుల మఠమో, బిషపుగారి గృహమో ఇంకను నిశ్చయము కాలేదు. అక్కడ దొరికిన కుండ పెంకులలో మన హిందూదేశపువి చాల ఉన్నవట. మన విద్యార్థి శ్మశానపు గోడ బయటనే నిలిచి చూచెను. "మన దిక్కు కుండలు పదిహేను వందల ఏండ్ల కిందనే ఆడికి పోయినయంట సార్. నేనే మొదటోన్ని అనుకున్న" అని అతడు ఫోనులో చెప్పెను.

చివరకు అవాలి అను ఊరికి పోయిరి. ఆ దేశములో 1932లో మొదట నూనె పడినది ఆ దాపులనే. అక్కడి రాజు ఇచ్చిన నేలమీద రోమన్ కతోలిక్కులు కట్టిన పెద్ద దేవాలయము 2021 డిసెంబరులో ప్రతిష్ఠింపబడెను. మరుసటి సంవత్సరము నవంబరులో పోపు ఫ్రాన్సిస్ గారు దానిని దర్శించిరి. మన పిల్లలు ఆ సంఘమువారు కారు. అయినను లోపలికి పోయి, మౌనముగా కూర్చుండి, తమ వసతికి మరలివచ్చిరి. మరునాడు తెల్లవారక ముందే పనికి పోవలసియుండెను.

ద్వీపములలో ఇట్టి యాత్రలు క్రొత్తవి కావు. స్కాట్లాండు దేశమునకు పడమట అయోనా అను చిన్న ద్వీపమున్నది. 563లో కొలంబా అను భక్తుడు ఐర్లండునుండి పండ్రెండుమంది స్నేహితులతో అక్కడికి వచ్చెనని చెప్పుదురు. తన స్వదేశము కనబడనంత దూరము పోయిన తరువాతనే అతడు నివసించుటకు ఒప్పుకొనెనని అక్కడి జనుల పరంపర కథ. నేటికిని యాత్రికులు ఆ ద్వీపము చుట్టు నడచుచు, పాత సిలువ యొద్ద, కన్యకల మఠపు శిథిలముల యొద్ద, పడవ చేరిన రేవు యొద్ద నిలిచి ప్రార్థించుదురు. శిథిలమైన ఆ మఠపు కట్టడములను 1938 మొదలు జార్జి మాక్లౌడ్ అను గురువు, పనిలేక యున్న పనివారిని, గురువులు కాబోవు యౌవనులను కూర్చి తిరిగి కట్టించెను. మన మెదకు గుడి కథ కూడ దీనిని పోలినదే గదా. కరువు కాలములో జనులకు ఊరక బిచ్చము వేయక, పనియు అన్నమును దొరకవలెనని పాస్నెట్ దొరగారు ఆ గుడి పని పెట్టించిరి. 1924 డిసెంబరు 25వ తేదీన అది ప్రతిష్ఠింపబడెను. ఆకలిగొన్నవారి చేతులు మోసిన రాళ్ళవి. అక్కడ మనకు కన్నీళ్ళు వచ్చుట గోపురపు ఎత్తును బట్టి మాత్రమే కాదు.

ఇక నా ప్రశ్నకు వచ్చెదను. మనలో కొందరు, "యాత్రలు మనకెందుకు? సమరయ స్త్రీతో ప్రభువు ఏమి చెప్పెను?" అని అడుగుదురు. యోహాను సువార్త నాలుగవ అధ్యాయము మనమందరము ఎరిగినదే. ఆ కొండ మంచిదా, యెరూషలేము మంచిదా అని ఆ స్త్రీ అడుగగా, తండ్రిని ఆరాధించుటకు ఈ రెండును హద్దులు కావని ప్రభువు బోధించెను. నిజమే. అయితే ఆయన ఆ మాట ఎక్కడ చెప్పెనో గమనించుడి. నడచి నడచి అలసి, మిట్టమధ్యాహ్నము ఒక బావి యొద్ద కూర్చుండి, దాహమై నీళ్ళడిగి చెప్పెను. ఆ బావికి పేరున్నది, చరిత్ర ఉన్నది, అది యాకోబు బావి. స్థలముతో పని లేదనువాడు ఒక స్థలములో కూర్చుండియే ఆ మాట చెప్పునా?

ప్రభువు కొట్టివేసినది స్థలమును కాదు, స్థలము చుట్టు మనుష్యులు కట్టిన గోడను. యూదుడు ఒకచోట, సమరయుడు ఒకచోట, ఒకని నీడ ఒకనిమీద పడరాదు అను గోడను ఆయన కొట్టివేసెను. ఈ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మన తాత ముత్తాతలను ఊరి బావి గట్టు ఎక్కనియ్యని దినములను మన పెద్దలు చెప్పగా వింటిమి. వారికి మెదకు గుడి తలుపులు తెరచియుండుట ఎంత గొప్ప సంగతియో, ఏ తలుపు దగ్గరను ఆపబడనివానికి తెలియదు. గనుక పరిశుద్ధ స్థలమునకు మొదటి గురుతు ఇది: అది తలుపు తెరచును. మూసిన యెడల, ఎన్ని దీపములు వెలిగించినను అది పరిశుద్ధము కాదు.

ఇప్పుడు ఆ తల్లి మాటకు వచ్చెదము. దేవుడు అంతట ఉన్నాడు. మనుష్యుడు అంతట లేడు. ఆమె చదువు రానిదైనను ఈ మాటలో పండితుల గ్రంథమంత అర్థమున్నది. దేవునికి స్థలము అక్కరలేదు. మనకు అక్కర. మనకు దేహమున్నది, అది ఒక్క సమయమున ఒక్కచోటనే ఉండును. మనము ప్రేమించువారు కూడ అట్లే ఒక్కచోట ఉందురు, ఒక్కచోట పాతిపెట్టబడుదురు. దేవుడు అంతట ఉన్నాడను మాటయే మనకు చాలినదైతే బేత్లెహేము అక్కరలేకపోవును. ఆయన మన బలహీనత ఎరిగి, అంతట ఉన్నవాడు ఒక ఊరిలో, ఒక పశువుల తొట్టిలో, ఒక తల్లి ఒడిలో ఉండుటకు ఒప్పుకొనెను. క్రిస్మసు పండుగ అర్థము ఇదియే. ఒక చోటును ప్రేమించుట పాపమైతే మన రక్షకుని పుట్టుక అట్లు జరిగియుండదు.

అయితే యాత్ర చేసినవారందరు మంచి యాత్రికులా? కారు. ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకొనవలెను. నేను యౌవనుడనై యున్నప్పుడు ఒక క్రిస్మసుకు మా తల్లి జ్వరముతో మంచము పట్టియుండెను. ఇంట్లో ఉండుమని ఆమె నోట అనలేదు, కన్నులతో అడిగెను. నేను చూడనట్లు నటించి, స్నేహితులతో మెదకుకు పోయి, క్రొవ్వొత్తి వెలిగించి, ఆమె ఆరోగ్యము కొరకు ప్రార్థించితిని. తిరిగి వచ్చునప్పటికి పొరుగింటి స్త్రీ ఆమెకు గంజి కాచి పోయుచుండెను. ఆ స్త్రీ మన మతమునకు చెందినది కాదు. ఆనాడు దేవుడు నా క్రొవ్వొత్తిని చూచెనో, ఆమె గంజి గిన్నెను చూచెనో నాకు సందేహము లేదు. యాత్ర చేయవలసిన పనినుండి పారిపోవుటకు దారి కారాదు. ఇది పరిశుద్ధ స్థలమునకు రెండవ గురుతు: అది మనలను మన ఇంటికి, మన పొరుగువాని యొద్దకు తిరిగి పంపును.

మరి ఇంటికి రాలేనివాని సంగతి యేమి? ఇదియే అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. దీనికి జవాబు వెదకుచు నేను ఆదికాండము తిరిగి చదివితిని. యాకోబు మన గల్ఫు కూలివానివంటివాడు. ఇల్లు విడిచి, దారిలో చీకటిపడగా, రాయి తలక్రింద పెట్టుకొని పండుకొనెను. అది అతడు వెదకిపోయిన యాత్రా స్థలము కాదు, దారిలోని ఒక బయలు. అక్కడ కల కనెను. దేవుడు ఇక్కడ ఉన్నాడని తాను ఎరుగకపోతినని లేచి భయపడెను. మనము వెదకిపోయిన స్థలమే పరిశుద్ధమగునని నియమము లేదు. గతిలేక పండుకొన్న స్థలము కూడ పరిశుద్ధము కావచ్చును. పిమ్మట అతడు లాబాను ఇంట ఇరువది ఏండ్లు పని చేసెను. పగలు ఎండకు, రాత్రి చలికి ఓర్చెను. లాబాను అతని జీతమును పదిమార్లు మార్చెను. అనుకొన్న జీతమొకటి, చేతికి వచ్చినది వేరొకటి అయిన మన పిల్లలకు ఈ అధ్యాయము వివరింపనక్కరలేదు.

తల్లి రిబ్కా అతనిని పంపునప్పుడు కొన్నాళ్ళు ఉండి రమ్మని చెప్పి పంపెను. ఆ కొన్నాళ్ళు ఇరువది ఏండ్లాయెను. "రెండేండ్లకు వస్తనమ్మా" అని పోయినవారిని మనమెరుగుదుము. యాకోబు మరలివచ్చి తండ్రిని చూచెను. తండ్రి చనిపోగా ఏశావుతో కూడ అతనిని పాతిపెట్టెను. అయితే తల్లిని చూచెనని గ్రంథములో ఎక్కడను లేదు. ఆమె ఎప్పుడు చనిపోయెనో కూడ చెప్పబడలేదు. ముప్పది అయిదవ అధ్యాయములో మాత్రము ఒక చిన్న సంగతి యున్నది. అతడు బేతేలునకు తిరిగివచ్చిన తరువాత రిబ్కా దాదియైన దెబోరా చనిపోయెను. ఆమెను ఒక చెట్టు క్రింద పాతిపెట్టి, ఆ చెట్టునకు ఏడ్పు అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఒక ముసలి దాది కొరకు అంత ఏడ్పు ఎందుకు? తల్లి మరణవార్త అతనికి అక్కడనే తెలిసినదని పూర్వపు యూదా బోధకులు కొందరు చెప్పిరి. గ్రంథము ఆ సంగతి చెప్పకపోయినను, నా మనస్సు ఒప్పుకొనుచున్నది. తల్లి సమాధి యొద్ద ఏడ్చుటకు వీలుపడనివాడు దాది సమాధి యొద్ద ఏడ్చెను. దేవుడు అతనిని గద్దింపలేదు. తరువాతి వచనములలోనే అతనికి ప్రత్యక్షమై ఆశీర్వదించెను.

నేను ఇది ఎందుకు వ్రాయుచున్నాననగా, ఆ యౌవనుడు రికార్డు చేసి పంపిన మాటలలో చివరి మాట ఇంకను మీకు చెప్పలేదు. ఆ ఇద్దరు పిల్లల సమాధుల యొద్ద తక్కినవారు ముందుకు పోయిన తరువాత అతడొక్కడే నిలిచిపోయెనట. అతనికి ఇంటియొద్ద నాలుగేండ్ల కుమార్తె ఉన్నది. ఆ చిన్నదానిని అతడు ఎత్తుకొన్న దినములు లెక్కింపవచ్చును. రూతు నాలుగేండ్లదని విన్నప్పుడు అతనికి కాళ్ళాడలేదట. అతడు వంగి, పిడికెడు ఇసుక తీసి, ఆ సమాధిమీద మెల్లగా వేసెను. "మా నాయనకు పోయని మన్ను ఆడ పోసిన సార్. వేరేటోళ్ళ సమాధి మీద పోసిన. తప్పా సార్?" అని అడిగెను. తరువాత కొంతసేపు ఫోనులో గాలి చప్పుడు తప్ప మరేమియు వినబడలేదు.

తప్పు కాదని నేను అతనికి చెప్పితిని. యాకోబు కథ చెప్పితిని. అయితే అది తండ్రి సమాధితో సమానమని చెప్పలేదు. సమానము కాదు. అతడు రాలేకపోయిన నష్టము నష్టమే. దానిని మంచి మాటలతో పూడ్చకూడదు. ఆ యౌవనుడు ఆ మన్నును దేవుని యెదుట వేసెను. దూరము అడ్డములేనివాడు దేవుడొక్కడే. మనము ఒక్కచోటనే ఉండగలము గనుక, మనము లేని చోట చేయవలసినదానిని ఉన్న చోట చేసి ఆయన చేతికి అప్పగించుటయే మనకున్న దారి. నేను ఆ తల్లితో మొదట చెప్పిన మాట సత్యమే. అయితే అది ఆమె దుఃఖమును త్రోసివేయుటకు కాక మోయుటకు ఇయ్యబడిన సత్యము. దానిని నేను తప్పుగా వాడితిని.

ఇంకొక సంగతి కూడ ఆలోచింపుడి. ఆ సమాహీజ్ సిలువలను పన్నెండు వందల ఏండ్లకు పైగా కాపాడినది ఎవరు? ఆ ఊరి ముస్లిములు తమ మృతులను పాతిపెట్టుకొన్న నేల. శ్మశానము గనుక ఎవరును దానిమీద మేడలు కట్టలేదు. తమకు తెలియకయే వారు మన సిలువలకు కావలి కాచిరి. మన జిల్లాలోను ఇట్టిది జరిగినది. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠరోగుల సేవ చేయుచుండగా, నిజామాబాదు రాజా నర్సాగౌడ్ గారు, హిందువై యుండియు, ఆసుపత్రి కట్టడమునకు గొప్ప విరాళమిచ్చిరి. పరిశుద్ధమైనదానిని ఎప్పుడును మనవారే కాపాడుదురని గర్వింపకుందుము గాక. మన పిల్లలు పరదేశములో పొరుగువారి నేలమీద బ్రతుకుచున్నారు. ఇక్కడ మన నేలమీద బ్రతుకు పరదేశులను, పొరుగువారిని మనమెట్లు చూచుచున్నామో ప్రభువు అడుగును.

సంఘములారా, మీతో ఒక్క మనవి. కుమారుడు రాలేని ఇంటిలో శవమును మోయుటతోనే మన పని తీరిపోదు. నలువది దినములైన తరువాత ఆ తలుపు తట్టువారెవరు? అప్పులవాడు వచ్చినప్పుడు ఆమె ప్రక్క నిలుచువారెవరు? బ్యాంకు కాగితము చదివిపెట్టువారెవరు? మెదకు బస్సు ఛార్జీలకు ఇచ్చినంత సంతోషముగా ఈ పనికి ఇచ్చుచున్నామా? ఆమె గడప కూడ ఒక యాత్రా స్థలమే. అక్కడికి పోవుటకు ఆర్మూరులో బస్సు మారనక్కరలేదు.

నేను ఆ తల్లి ఇంటికి పోయి కుమారుని మాటలన్నియు ఆమెకు వినిపించితిని. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని వినెను. పిడికెడు ఇసుక మాట వచ్చినప్పుడు ఏడ్చెను. తరువాత నేను అనుకొనని ప్రశ్న ఒకటి అడిగెను. "ఆ పిల్లల తల్లి యేడ బోయింది సారూ?"

భార్యాభర్తలు ఇంకను కొన్ని ఏండ్లు అక్కడ పని చేసి తరువాత ఈజిప్టు దేశమునకు పోయిరనియు, బిడ్డలు అక్కడనే ఉండిపోయిరనియు చెప్పితిని.

ఆమె చాలసేపు మాటలాడలేదు. "ఇడిసిపెట్టి పోయేటప్పుడు ఆ తల్లికి ఎట్లుండెనో" అని తనలో తాననుకొని, "సారూ, వీలైనప్పుడల్ల ఆ పిల్లల తాన రెండు పూలు వెట్టుమని నా కొడుకుకు జెప్పుండ్రి. వాని నాయన తాన నేనుంట. ఆ తల్లి బిడ్డల తాన వాడుంటడు" అనెను.

అటుపిమ్మట లేచి, పొయ్యిమీది చాయ దింపి, నాకు ఒక కప్పు పోసి, తన పేరు వ్రాసికొనుమని చెప్పెను. ఆ క్రిస్మసు తెల్లవారుజామున ఆమె మెదకు గుడి మెట్లమీద మాతోకూడ నిలిచెను. చేతిలో మూడు క్రొవ్వొత్తులుండెను. ఒకటి ఎవరిదో నేను ఎరుగుదును. తక్కిన రెండును ఎవరివో మీరును ఎరుగుదురు.

దూరముననున్న మన పిల్లలను, వారు ఏ రాతిమీద తల వాల్చుకొన్నను అక్కడనే దేవుడు దర్శించును గాక. వారిని కన్న తల్లులను చూచుకొనుటకు మనకు కాళ్ళును, మనస్సును ఇచ్చును గాక. ఆమేన్.